మరక తుడిచిన గోడ

మా ముత్తాత రాంరెడ్డి మూడు ఊళ్ళకు మాలీ పటేల్. శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. తాత గోపాల్‌రెడ్డి ఆ పని దాని చివరి రోజు దాకా చేశాడు. ఆయన అరుగు మీదికి వస్తే కూర్చున్నవాళ్ళు లేచేవాళ్ళు. ఆయన కూర్చున్నాక కూడా వాళ్ళు కూర్చునేవాళ్ళు కాదు. మా బాపు నర్సింహారెడ్డి కాలానికి పటేల్‌గిరీ రద్దయింది, పేరు మాత్రం మిగిలింది. మా ఇంటిని ఈమధ్య కొందరు గడి అంటున్నారు. అది తప్పు, ఎక్కడ విన్నా నేను సరిదిద్దుతాను. గడి దొరలది. మాది పటేల్ బంగ్లా: డంగు సున్నం అద్దిన మట్టి గోడలు, కూన పెంకు, నేలకు షాబాద్ బండలు, ముందు రెండు రెక్కల టేకు దర్వాజ. దర్వాజ దాటితే తాత కచేరి గది, అది దాటితే నడుమ వాకిలి, వాకిలి చుట్టూ స్తంభాల వరండా. ఆ వరండాను మేము హజారం అంటాం. నేను చెప్పబోయేది హజారంలోని ఒక గోడ గురించి.

మొన్న వానాకాలంలో మా మేనత్త సుశీల బడంగ్‌పేట్ నుంచి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు మా ఇల్లంటే శంషాబాద్‌లో కిరాయికి ఉంటున్న రెండు గదుల ఫ్లాటు. విమానం దిగుతుంటే వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తాయి. కొత్తవాళ్ళు తల పైకెత్తుతారు. మేము మాట ఆపి, అది పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటాం. అత్త కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే అడిగింది.

"రఘూ, మనిల్లంత నీ కంప్యూటర్ల ఉన్నదట గద. నీ పెండ్లాం చెప్పింది. జర చూపెట్టు."

"ఇల్లు కాదత్తా. ఇంటి గోడలు, తలుపులు. అది ఒక ఆట."

"ఏదైతేంది? నాకు ఇల్లంత ఎందుకురా, అవ్వ కూసునే తావు చూస్త. ఆమెదొక్క మంచి ఫోటో లేకపాయె. గా దండేసిన ఫోటోల అవ్వ ఎవలో గద్దిచ్చినట్టు బిక్కమొఖం ఏస్కొని ఉంటది. ఓటు కార్డుకని దీసిందాన్ని పెద్దగ జేసి గోడకు తగిలిచ్చిన్రు."

అవ్వ అంటే అత్తకు తల్లి, నాకు నాయనమ్మ. లక్ష్మీనర్సమ్మ. అత్త మాట విన్నాక కంప్యూటర్ తెరవడానికి జంకాను. ఎందుకో చెప్పాలంటే కంప్యూటరు మా కచేరి గదిలోకి ఎట్లా వచ్చిందో ముందు చెప్పాలి.

చదువు అయిపోయి ఉద్యోగం దొరకని రోజుల్లో నేను శంషాబాద్ బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. ఎవరో చూసి బాపుకు చెప్పారు. బాపు అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని అడిగాడు: "పటేల్ కొడుకువు, గంటకింత కిరాయి కట్టి ఎవనివో కుర్చీల కూసుంటవా? మనింట్ల కుర్చీలు లేవారా?" కొద్ది రోజుల్లోనే ఒక కంప్యూటర్ తెప్పించి, తాత సంతకాలు చేసిన మేజా మీద పెట్టించాడు. ఏది అమ్మి తెచ్చాడో నేను అడగలేదు. అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. కచేరి గదిలో అప్పటికి పాత గోనెసంచుల వాసన, గబ్బిలాల వాసన, తాత నస్యం వాసన కలిసి ఉండేవి. ఆ గదిలో మళ్ళీ ఒకడు కూర్చుని పని చేస్తున్నాడని బాపుకు తృప్తి. ఏం పని అని ఆయన కూడా అడగలేదు.

నేను చేస్తున్నది ఆట. అప్పటికే పాతబడిన ఆట. అందులో పాడుబడిన ఒక కోట ఉంటుంది. కత్తి పట్టిన మనిషి గది తర్వాత గది తిరుగుతూ తాళంచెవులు వెతుకుతాడు. దూరం నుంచి కోట కోటలాగే ఉండేది. గోడ దగ్గరికి పోతే మాత్రం అది చెదిరి, మసక మసక చదరాలుగా విడిపోయేది. గోడ మీద, నేల మీద, తలుపు మీద అతికించిన బొమ్మను టెక్స్చర్ అంటారనీ, ఆ చిన్న బొమ్మలు తీసేసి పెద్ద, స్పష్టమైన బొమ్మలు పెట్టవచ్చుననీ, దేశదేశాల్లో కొందరు ఓపికగా కూర్చుని పాత ఆటలకు అట్లా హెచ్‌డీ ప్యాక్‌లు తయారుచేసి ఉత్తపుణ్యానికి పంచుతారనీ నాకు మెల్లగా తెలిసింది. వాళ్ళ రాళ్ళు, వాళ్ళ ఇటుకలు చూశాను. మా బంగ్లాకంటే మంచి గోడలు వీళ్ళకు ఎక్కడ దొరుకుతాయనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఆ పనిని నేను నేర్చుకున్నట్టు శ్రద్ధగా మరే పనినీ నేర్చుకోలేదు. పాత బొమ్మను సాగదీసి పదును పెడితే చాలనుకునేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఇప్పుడైతే యంత్రమే ఆ పని చేసిపెడుతోంది, గోడలన్నీ మైనం పూసినట్టు వస్తున్నాయి. పద్ధతి అది కాదు. మొదట ఆ చిన్న పాత బొమ్మనే చాలాసేపు చూడాలి. దాన్ని గీసినవాడు ఏం అనుకుని గీశాడు, సున్నమా, రాయా, తడి ఎక్కిన గోడా, ఎండిన గోడా అని అర్థం చేసుకోవాలి. కొత్త బొమ్మ దూరం నుంచి అచ్చం పాతదానిలాగే ఉండాలి, దగ్గరికి వచ్చినవాడికి మాత్రమే తన సంగతి చెప్పాలి. ఫోటో ఎదురుగా నిలబడి తీయాలి, ఎండ ఉండకూడదు. నీడలను ఆటలోని దీపాలే వేసుకుంటాయి; ఫోటోలో ముందే నీడ ఉంటే అది తప్పు దిక్కున పడి గోడను పట్టిస్తుంది. ఒకే బొమ్మను బండలు పరిచినట్టు పక్కపక్కన పరుస్తారు కాబట్టి కుడి అంచు ఎడమ అంచులో కలిసిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, కన్ను గుర్తుపట్టే మరక ఒక్కటి కూడా బొమ్మలో ఉండకూడదు. ఉంటే అదే మరక అడుగడుగునా కనిపించి, ఇది గోడ కాదు బొమ్మ అని చెప్పేస్తుంది.

అందుకని నేను మబ్బు కోసం కాచుకునేవాణ్ణి. మబ్బు కమ్మిందంటే ఆ ఇంట్లో నేనే పటేల్‌ను. కెమెరా పట్టుకుని వాకిట్లోకి వచ్చి అందరినీ జరగమనేవాణ్ణి. అమ్మ దండెం మీది బట్టలు తీసేది. కోళ్ళను గంప కింద మూసేవాళ్ళు. ఇసుర్రాయి దగ్గర జొన్నలు విసిరే మనిషి చేట ఎత్తుకుని పెరట్లోకి పోయేది. తాత గొంతులో ఉండే ఆ ఒక్క మాట, జరుగు అనే మాట, ఆస్తిలో నా వాటాకు అదే వచ్చిందేమో, నా నోట చాలా సులువుగా పలికేది. ఇల్లు నిమిషంలో ఖాళీ అయ్యేది. చివరికి హజారంలో నాయనమ్మ మిగిలేది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నాయనమ్మ వంటింటి తలుపు పక్కన, హజారం గోడకు ఆనుకుని కూర్చునేది. గోడకు చల్లదనం ఉండేది. ముందు తలకు ఆముదం రాసుకునేది, తర్వాత కాళ్ళు బారచాపి, తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకునేది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అదే చోటు. ఆమె తల ఆనిన చోట గోడకు బెల్లం రంగు మరక పడింది. చుట్టూ పలచగా, నడుమ చిక్కగా, చేతితో తడిమితే అక్కడ గోడ నున్నగా ఉండేది. ప్రతి ఏడూ దసరాకు ముందు ఇంటికి సున్నం వేయించేవాళ్ళం. వాకిట్లో పెద్ద గోళెంలో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేవి, ఆ వేడి వాసన ముక్కు లోపలి దాకా తగిలేది. తుమ్మబంక, నీలిమందు కలిపి ఈత కుంచెలతో కొట్టేవాళ్ళు. ఇల్లంతా తెల్లబడేది. దీపావళి వచ్చేసరికి నాయనమ్మ తావున సున్నంలోంచి మరక మళ్ళీ పైకి తేలేది. సున్నం వేసే మల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "పటేలమ్మా, నీ తలకాయకు నా సున్నం సరిపోతలేదు పో," అనేది. "తలకాయల ఉన్నది గట్టిగున్నదే, గోడల దాక పోతున్నది," అని నాయనమ్మ నవ్వేది.

నాకు హజారంలో ఆ గోడే కావాలి. మిగతా గోడలకు చెమ్మ ఎక్కి పెచ్చులు లేచాయి. దీని సున్నం మాత్రం పొర మీద పొర పట్టి, సన్నని వెంట్రుకవాసి పగుళ్ళతో పాత దంతంలా ఉండేది. "నాయినమ్మా, జర జరుగు. నీ నీడ పడ్తున్నది," అన్నాను.

"మబ్బుల నీడేందిరా?"

"ఉంటది. నీకు కనబడది, దీనికి కనబడ్తది."

"నా నీడ గూడ పనికి రాదా పటేలా?" అని ఆమె చాప చుట్టుకుని లేచింది. మోకాళ్ళ నొప్పులు ఆమెకు. ఒక చేయి గోడకు ఆనించి లేచింది. నేను అప్పుడు ఆ చేతి తడి గోడకు అంటిందేమోనని చూశాను.

ఇట్లా ఎన్నో మబ్బులు. ఆ కెమెరా అత్తవాళ్ళది. మామ సౌదీ నుంచి తెచ్చి, ఇంట్లో వాడటం తెలిసినవాణ్ణి నేనే కాబట్టి నాకిచ్చాడు. ఇచ్చేటప్పుడు అత్త, అవ్వవి, మీ బాపువి ఫోటోలు తియ్యిరా అనే చెప్పింది. దానిలో పట్టే ఫోటోలు తక్కువ, బ్యాటరీలు ఊరికే అయిపోయేవి. ఒకసారి గోడ ముందు నిలబడి కొలతలు చూసుకుంటుంటే నాయనమ్మ చాప చంకన పెట్టుకుని, కొంగు తల మీదికి సవరించుకుని, "గోడకు గిన్ని తీస్తివి, నాకు గూడ ఒకటి తియ్యరాదుర," అంది. "తర్వాత తీస్త నాయినమ్మా, మబ్బు పోతది," అన్నాను. ఆమె పెరటి వైపు పోయింది. మబ్బు పోయింది కూడా.

కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మరకను తుడిచాను. పక్కనున్న మంచి సున్నాన్ని కొద్దికొద్దిగా తెచ్చి దాని మీద అద్దితే సరి. మల్లమ్మ కుంచె ఏటేటా ఓడిపోయిన చోట నా మౌసు ఒక చాయ్ చల్లారేలోగా గెలిచింది. నాకు గర్వమనిపించింది. ప్యాక్ పూర్తిచేసి పంచాక ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకున్నారు. డబ్బు పంపుతామన్నారు, మా ఇంటి గోడకు నేను ధర తీసుకోనని రాశాను. ఒకతను, ఈ గోడల మధ్య ఎవరూ ఎన్నడూ బతకనట్టు ఉంది, ఆ భయమే దీని గొప్పతనం అని రాశాడు. నేను ఆ మాట చదివి లేచి వాకిట్లో పచార్లు చేశాను. నాయనమ్మ హజారంలో కూర్చునే ఉంది. ఆమెకు చెప్పలేదు, చెప్పినా ఏమని చెప్పేది?

ఆమె పోయింది. తర్వాత బాపు పోయాడు. నేను ఒక ఫోటో స్టూడియోకు పెళ్ళి ఆల్బమ్‌లు చేసిపెట్టే పనిలో కుదిరాను, ఇప్పటికీ అదే పని. పెళ్ళికూతుళ్ళ ముఖాల మీది మచ్చలు తుడుస్తాను. చేరిన కొత్తలో ఒక ఫోటోగ్రాఫర్ మాటల మధ్య అన్నాడు, మబ్బు పట్టిన పగలు దొరికితే లైట్లు అవసరం లేదన్నా, మనిషి మొఖానికి అంతకంటె మంచి వెలుగు ఉండదు అని. నేను తల ఊపి నా పని చేసుకున్నాను. ఆ రోజు ఇంటికి నడిచి పోయాను, ఆటో ఎక్కబుద్ధి కాలేదు. అన్ని మబ్బులు వృథా చేశానన్న మాట. ఆ వెలుతురంతా ఆమె ముఖం మీద పడుతుంటే ఆమెను పెరట్లోకి తరిమి గోడకు ఫోటోలు తీశాను.

ఇదంతా కడుపులో పెట్టుకునే, ఇల్లు చూపెట్టమన్న అత్తను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆట తెరిచాను. దర్వాజ కనిపించగానే ఆమె గుర్తుపట్టింది. చేయి నోటి మీద పెట్టుకుంది. బాణం గుర్తున్న మీట నొక్కితే మనిషి ముందుకు నడుస్తాడని చూపించాను. నొక్కింది. దర్వాజ దాటింది, బండల మీద నడిచింది.

"ఇగో, గివి మన బండలే, నేను పెండ్లి కాకముందు రోకలి ఇడిస్తె ఒకటి పగిలింది. అరే, గా కత్తి పట్టుకున్నోడెవడు?"

"నువ్వు నడిపిచ్చే మనిషే అత్తా, కావలోడనుకో."

"మనకు కావలోడెక్కడున్నడురా? ఆఖరుకు కుక్క గూడ లేకుండె." ఆమె నవ్వింది, మళ్ళీ నొక్కింది. గోడ వెంట చాలాసేపు పోయింది. వంటింటి తలుపులాంటి తలుపు వచ్చిన చోటల్లా ఆగి, తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"గోడ గదే. అవ్వ తల మరక ఏదిరా?"

"ఉన్నది అత్తా. వేరే దాంట్ల ఉన్నది. వెతికి పెడ్త, మళ్ల రా," అన్నాను. ఆమె నమ్మింది. పోయేటప్పుడు గడప దగ్గర ఆగి, "జల్ది వెతుకు. నా కండ్లు గూడ అంతంత మాత్రమే," అంది.

మా దగ్గర ఉన్నవన్నీ తీసి వెతికాను. డిస్కులు, అట్టపెట్టెలో మూలన పడిన పాత కంప్యూటర్ భాగాలు, అన్నీ. తుడిచిన గోడలే ఉన్నాయి. తుడవకముందటి ఫోటోలను జాగా చాలడం లేదని అప్పుడే చెరిపేశాను. పని పూర్తయ్యాక వాటితో ఏం అవసరం అనుకున్నాను. తలుపుల గడియలు, చీలలు, పెంకులు, స్తంభాల మొదళ్ళు, వందల బొమ్మలున్నాయి. మనిషి వేలు కూడా ఎక్కడా లేదు. ఒక బండ ఫోటోలో అంచున నీడలాంటిది కనిపిస్తే ఆశగా పెద్దది చేసి చూశాను. అది కోడి.

అప్పుడు మరకను నేనే వేశాను. నా పని అదే కాబట్టి చేతనవును. నూనె సున్నంలోకి ఎట్లా ఇంకుతుందో, నడుమ ఎంత చిక్కగా, అంచున ఎంత పలచగా ఉంటుందో కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాను. తలుపుకు అటు పక్కనా ఇటు పక్కనా అన్నది గుర్తుకు రాలేదు, ఎంత ఆలోచించినా రాలేదు. ఒక పక్క వేశాను. బాగా వచ్చింది. నా జీవితంలో అంత మంచి టెక్స్చర్ చేయలేదు. ఆటలో పెట్టి చూస్తే, ఆ పని నేర్చుకున్ననాటి నుంచి నేను నమ్మిన సూత్రం నా ముందే నిలబడింది. ఆ ఆటలో గోడలన్నిటికీ ఒకటే బొమ్మ. కోటంతా, ప్రతి గదిలో, ప్రతి మలుపులో, నాలుగడుగులకొకటి నాయనమ్మ మరక.

అత్త మళ్ళీ వచ్చినప్పుడు నేను తెలివిగా ఆ కత్తి మనిషిని గోడకు దగ్గరగా నిలబెట్టి, తెరంతా ఒక్క మరకే కనిపించేటట్టు చేసి పెట్టాను. ఆమె చూసింది. చేయి చాపి తెర మీద ఆ చోట తడిమింది. విమానం ఒకటి దిగింది, గిన్నెలు కదిలాయి, అది పోయింది. నా గండం గడిచిందనుకున్నాను. ఆమె వేలు వచ్చి బాణం మీట మీద పడింది.

మనిషి నడిచాడు. రెండో మరక వచ్చింది. మూడోది. ఆమె ఆపలేదు, మలుపు తిరిగింది, మెట్లు ఎక్కింది. మరకలు వస్తూనే ఉన్నాయి.

"గిన్ని తావుల కూసునేదారా మా అవ్వ?" అంది అత్త.

నేను మౌసు అందుకుని ఆట మూయబోయాను.

"ఆమెకు ఉన్నదే ఒక్క తావు. అది గూడ జరుగు జరుగు అంటివి." ఆమె గొంతులో కోపం లేదు. "నాకు చెప్పేదిరా. నేను వచ్చినప్పుడల్ల చెప్పేది. మా పటేల్ గోడకు ఫోటోలు దీస్తడు, నేను పెరట్ల బాయి గట్టు మీద కూసుంట, మబ్బు వడ్తె నాకు దినాం పెరడే అని. నవ్వుకుంటనే చెప్పేది."

ఆ సంగతి అత్తకు తెలియదనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. "ఇది నేను ఏసిన మరక అత్తా," అన్నాను.

"తెలుస్తనే ఉన్నది. అవ్వది తలుపుకు అటు దిక్కు."

"తుడిచెయ్యనా? ఉంచనా? నువ్వే చెప్పు."

ఆమె కళ్ళద్దాలు డబ్బాలో పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుని లేచింది. మోకాళ్ళ నొప్పులు ఆమెకూ వచ్చాయి. ఒక చేయి మా ఫ్లాటు గోడకు ఆనించి లేచింది. "పటేల్ నువ్వా, నేనా?" అంది.

బస్సు ఎక్కించి వచ్చాను. పహాడీ షరీఫ్ మీదుగా పోయే బస్సు, కిటికీ పక్కన సీటు దొరికింది. ఆమె చేయి ఊపింది, నేనూ ఊపాను. మరక ఉన్న గోడ నా కంప్యూటర్‌లో అట్లాగే ఉంది. లోకానికి పంచిన ప్యాక్‌లో గోడ ఇంకా తెల్లగానే ఉంది, ఇప్పటికీ ఎవరో ఒకరు దింపుకుంటున్నారు, మెచ్చుకుంటున్నారు. ఒకప్పుడు నేను మబ్బు పడితే సంతోషించేవాణ్ణి; ఇప్పుడు మబ్బు పడితే కిటికీ తెర వేసి ఆల్బమ్ పని చేసుకుంటాను.

బంగ్లా సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. జాగాను బాపు బతికుండగానే ప్లాట్ల కోసం అమ్మాడు. టేకు దర్వాజ ఇప్పుడు షాద్‌నగర్ దారిలో ఒక దాబా ముందు ఉంది. షాబాద్ బండలను, కూన పెంకును, స్తంభాలను విడివిడిగా అమ్మాం. హజారం గోడను ఎవరూ కొనలేదు. అది మట్టి గోడ, ట్రాక్టర్లలో ఎత్తి గుంతలు పూడ్చడానికి తీసుకుపోయారు.